బావ కప్పిన శాలువా

ఆదివారం పొద్దున్నే కర్నూలులో మా ఫుట్‌బాల్ సభ మొదలవుతుంది. గ్రౌండు వెనక వీధిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్మే చిన్న హోటలు ఉంది. దాని ముందు వేసిన రెండు బల్లలూ మావే. వచ్చేవాళ్లం ఏడెనిమిది మందిమి, అందరం ఒకప్పుడు బంతి తన్నినవాళ్లమే. ఇప్పుడు మాటలు తంతున్నాం. అధ్యక్షుడు మా బావ, అంటే మా అక్క భర్త. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. గొంతు పెద్దది కాబట్టి ఆ కుర్చీ తనంతట తానే ఆయన కిందికి వచ్చింది.

ఇంగ్లండులో మా బావకు ఒక జట్టు ఉంది. పేరు చెప్పను. చెబితే చదివేవాళ్లలో సగం మంది ఇక్కడే ఆపేస్తారు. శనివారం సాయంత్రం ఆ జట్టు ఓడిందంటే ఆదివారం ఉగ్గానిలో ఉప్పు లేదంటాడు, బజ్జీలో కారం లేదంటాడు. ఆ క్లబ్బు వాళ్లు ఇన్నేళ్లలో తీసేసిన మేనేజర్ల కంటే మా బావ బజ్జీ నములుతూ తీసేసిన మేనేజర్లే ఎక్కువ.

"ఆ మేనేజర్ని పంపించేయల్లప్పా. ఆ పిల్ల డిఫెండర్ని ఏంటికి ఆడిస్తాండాడు? వానికి బంతిని చూస్తేనే భయముండాది" అంటాడు.

"వానికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు బావా. డిఫెండరు ఊరికే తయారైతాడా? నాలుగు గోల్స్ వాని వల్ల పడాల, ఐదోది వాడు ఆపాల" అంటాను నేను.

"ఆ నాలుగూ నా టీముకే పడాల్నా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఈ మాట అంటున్న మనిషి సామాన్యుడు కాదు. నందికొట్కూరు దగ్గర పొలంలో బోరు మీద బోరు వేయించినవాడు. మొదటి దాంట్లో దుమ్ము లేచింది. రెండో దాంట్లో బండ తగిలింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చెప్పే మనిషి ఎక్కడ నిలబడితే అక్కడల్లా బోరు బండి దింపించాడు. మా అక్క మొత్తుకున్నా వినలేదు. "ఈసారి పడతాయి" అనే మాట ఆయన నోట విని విని మాకు అలవాటైపోయింది. చివరికి పడ్డాయి కూడా. అంత ఓపిక ఉన్న మనిషికి ఒక పిల్లవాడు ఒక్క పాసు తప్పుగా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సంగతి మొహం మీదే అడిగేశాను ఒకసారి.

"భూమి యాడికి పోతాదప్పా? మ్యాచ్ గంటన్నరలో అయిపోతాది కదా" అన్నాడు.

ఇంగ్లండు మేనేజర్లకు మా బావ మాట వినపడదు కాబట్టి వాళ్లకు నష్టం లేదు. మా ఊరి క్లబ్బు సంగతి అలా కాదు. అక్కడ మా బావ నిజంగానే కమిటీ సభ్యుడు. నేను కూడా సభ్యుణ్ణే అనుకోండి, కాకపోతే నా గొంతు చిన్నది. మా క్లబ్బులో కోచ్‌ని తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. అది ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

మేం ఎవరినీ పొమ్మనం. పొమ్మనడానికి మాకు నోరు రాదు. మొదటి కోచ్ అప్పటి క్లబ్బు అధ్యక్షుడికి స్వయానా వియ్యంకుడి తమ్ముడు. ఆయన్ని తీసేయాలి, తీసేశామని తెలియకూడదు. అందుకని పెద్ద సన్మానం పెట్టారు. మెడలో దండ వేశారు, చేతిలో పండ్లబుట్ట పెట్టారు, భుజాల మీద శాలువా కప్పారు. "వారి సేవలు మరువలేనివి" అని ఒకాయన మైకులో అన్నాడు. ఆ కోచ్ తెలివైనవాడు. మరుసటిరోజు నుంచి గ్రౌండుకు రాలేదు. ఆ తర్వాత వచ్చిన కోచ్‌లందరికీ ఇదే పద్ధతి. వరసగా ఓడితే శాలువా. ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఎవరి ఉద్యోగమూ మిగల్లేదు.

ఇప్పటి కోచ్‌ది కడప దగ్గర, కమలాపురం పక్కన ఒక పల్లె. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మా దగ్గర చేరిన రోజే మా పద్ధతి ఎవరో చెప్పినట్టున్నారు. టీ తాగుతూ మా బావ భుజం మీద చెయ్యి వేసి, "కప్పేదుంటే చలికాలంలో కప్పండప్పా. ఎండాకాలంలో ఆ శాలువాతో నేనేం చేసుకోవాల" అన్నాడు. అందరం నవ్వాం. నాకు ఆ మనిషి అప్పుడే నచ్చేశాడు.

ఆయన చేసిన మొదటి పని పడమటి పల్లెల నుంచి ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చి డిఫెన్సు మధ్యలో నిలబెట్టడం. పంతొమ్మిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వాళ్లమ్మానాన్నా ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు. వీడు కూడా పోవాల్సినవాడే. కోచ్ పిల్లవాడి నాన్నతో మాట్లాడి ఈ ఒక్క ఏడాదీ అడిగి తెచ్చుకున్నాడు. ఆట బాగుంటే కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందని మాటిచ్చాడు. ఆట పోతే వాడు మళ్లీ మిరప చేలకు పోతాడు. అందులో దాపరికం లేదు, అందరికీ తెలిసిన సంగతే.

వాడితో చిక్కేమిటంటే బంతిని బాదడు. మా గ్రౌండు ఎర్రమట్టి, వానలు లేక రాయిలా బిగిసి ఉంటుంది. బంతి పడితే తలెత్తు లేస్తుంది. అలాంటి నేల మీద డిఫెండర్ పని ఏమిటంటే, బంతి రాగానే గుడ్డిగా అవతలికి తన్నెయ్యడం. మా తరం అంతా అదే నేర్చుకుంది. "కొట్టేయ్" అని గ్రౌండు గట్టు మీద నుంచి అరవడం మాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. కోచ్ వాడికి వేరేది నేర్పాడు. బంతిని ఆపు, తల ఎత్తు, మనవాడు ఎక్కడున్నాడో చూసి ఇవ్వు. చెప్పడానికి సులువే. వాడు ఆపేవాడు, తల ఎత్తేవాడు, ఈలోగా అవతలివాడు వచ్చి ఎత్తుకుపోయేవాడు. అలా గోల్స్ పడ్డాయి. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయాం.

"కోచ్‌కి కప్పేద్దామప్పా" అన్నాడు మా బావ ఆ ఆదివారం.

నాకు కోపం వచ్చింది. ఉగ్గాని ప్లేటు పక్కకు నెట్టేశాను. నేనూ డిఫెండర్నే, అదే గ్రౌండులో, అదే వయసులో. ఒక మ్యాచ్‌లో నా కాలు జారి గోల్ పడింది. గట్టు మీద నుంచి ఏవేవో కేకలు. సగంలోనే నన్ను బయటికి పిలిచారు. వచ్చే వారం నా చొక్కా ఇంకొకడికి ఇచ్చారు. అంతే, నా ఫుట్‌బాల్ అక్కడితో అయిపోయింది. తర్వాత లెక్కల మాస్టర్నయ్యాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, బతుకు హాయిగానే ఉంది. కానీ ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడనిచ్చి ఉంటే ఏమయ్యేవాడినో అన్న బాధ మాత్రం పోలేదు. ఇప్పుడు కోచ్ పోతే కొత్త కోచ్ మొదట తీసేసేది ఆ పిల్లవాణ్ణే. ఇదంతా బల్ల దగ్గరే అందరి ముందూ చెప్పాను.

బావ నా ప్లేటు మళ్లీ నా ముందుకు జరిపాడు. తర్వాత, "కడప మ్యాచ్ వరకూ చూద్దాం బామ్మర్దీ. ఆడ కూడా ఓడితే ఇంక నన్నడగొద్దు" అన్నాడు. సోమవారానికల్లా పెద్దబజారుకు పోయి శాలువా కొనేశాడు. జరీ అంచు ఉన్నది, మంచిదే కొన్నాడు. నేను అడిగితే, "ముందే కొనిపెట్టుకుంటే తప్పేముండాది? పాడైతాదా?" అన్నాడు.

మార్చి నెల ఎండలు. కడప వాళ్లు మ్యాచ్ పొద్దున్నే పెట్టారు కాబట్టి మేం ముందురోజే టెంపోలో పోయి సత్రంలో దిగాం. ఆటగాళ్లు, కోచ్, కమిటీ నుంచి మేం నలుగురం. శాలువా బావ సంచిలో ఉంది. ఆ సంగతి కోచ్‌కు తెలియదని మేం అనుకున్నాం. కడపలో కారం దోసె తింటూ ఆయన ఆ సంచి వైపు ఒకసారి చూశాడు, అంతే.

పొద్దున మ్యాచ్ మొదలైంది. కడప వాళ్లకు మా కంటే వేగం ఎక్కువ. మొదటి సగం మా గోల్ ముందే గడిచింది. పిల్లవాడు రెండుసార్లు బంతి పోగొట్టుకుని రెండుసార్లూ తనే వెనక్కి పరిగెత్తి కాపాడుకున్నాడు. బావ పక్కన కూర్చోవడం ఒక శిక్ష. "కొట్టేయ్, కొట్టేయ్" అని ఆయన అరుస్తుంటే కడప వాళ్లు కూడా తిరిగి చూశారు. కోచ్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, రెండు జట్లకూ గోల్ లేదు. ఒక పెద్ద షాటు ఎగిరి వచ్చి సరిగ్గా మా గోల్ ముందు, పిల్లవాడి మీదికి దిగింది. అవతలివాళ్లు ఇద్దరు మీదికి వస్తున్నారు. బావ లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "కొట్టేయరా సామీ, కొట్టేయ్" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకూ గొంతు దాకా వచ్చింది ఆ మాట. మింగేశాను.

వాడు కొట్టలేదు. గుండె మీద ఆపాడు. బంతి కాళ్ల దగ్గర పడింది. తల ఎత్తాడు. ఒకణ్ణి తప్పించి పక్కకు తిరిగి, మధ్యలో ఒంటరిగా ఉన్న మావాడికి నేల మీద తిన్నగా ఇచ్చాడు. వాడు పరిగెత్తాడు, ఇంకొకడికి ఇచ్చాడు, వాడు గోల్ కొట్టాడు. ఏం జరిగిందో అర్థం కావడానికే నాకు కాస్త టైం పట్టింది. బావ నన్ను కావలించుకుని ఎత్తేశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, నన్ను నేల మీద నుంచి లేపాడు.

విజిల్ ఊదగానే బావ గ్రౌండులోకి పరిగెత్తాడు. ఆనందం పట్టలేక ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది ఆయనకు. చేతిలో సంచి ఉంది. సంచిలో శాలువా ఉంది. తీసి కోచ్ భుజాల మీద కప్పేశాడు. మేం చప్పట్లు కొట్టాం. కడప వాళ్లు కూడా కొట్టారు. "నీ సేవ మరిచేది కాదప్పా" అన్నాడు బావ. కోచ్ ఒక్క క్షణం శాలువా అంచు పట్టుకుని చూశాడు. తర్వాత చేతులు జోడించాడు. "శానా సంతోషమప్పా" అన్నాడు. ఈడిదాకా వచ్చాను కదా, ఊరికి పోతాను, మీరు పదండి అన్నాడు. దగ్గరే కదా, ఇంటికి పోయి వస్తాడనుకున్నాం. పిల్లవాణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. బస్సెక్కి వెళ్లిపోయాడు.

మైదుకూరు దాకా టెంపోలో ఒకటే పాటలు. అక్కడ టీ తాగడానికి ఆపాం. పిల్లవాడు టీ తాగకుండా నా దగ్గరికి వచ్చి, జేబులోంచి కోచ్ విజిల్ తీసి చూపించాడు.

"అన్నా, సార్ ఇది నాకేంటికిచ్చినాడు? కొత్త సార్‌తో బాగుండు, ఆయన కొట్టేయమన్నా నువ్వు తల ఎత్తి చూసేది మాత్రం మానొద్దు అన్నాడు. కొత్త సార్ ఎవురన్నా?"

నేను గ్లాసు కింద పెట్టేశాను. బావ వైపు చూశాను. బావకు కూడా అప్పుడే వెలిగింది.

"నేను సంతోషంగా కప్పినా కదప్పా" అన్నాడు, మొహం పాలిపోయి.

"మనం అందరికీ సంతోషంగానే కప్పితిమి కదా బావా. నీ సంతోషం ఏదో ఆయనకెట్ల తెలుస్తాది?"

టెంపో వెనక్కి తిరిగింది. పాటలు లేవు. ఇన్నేళ్లుగా శాలువా కప్పడమే తప్ప తీయడం మాకు తెలియదు. కప్పిన శాలువా వెనక్కి అడిగితే మనిషిని అవమానించినట్టు. ఆయన దగ్గరే ఉంచితే ఉద్యోగం పోయినట్టు. దారి పొడుగునా కమిటీ ఇదే చర్చించింది. ఒకాయన ఇంకో శాలువా కప్పితే మొదటిది రద్దవుతుందన్నాడు. ఎండ మండిపోతుంటే మేం శాలువాల న్యాయశాస్త్రం మాట్లాడుకుంటున్నాం, డ్రైవరు మాత్రం నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

ఆయన ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఊళ్లో ఫుట్‌బాల్ సార్ అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. ఆయన వరండాలో చాప మీద కూర్చుని సంగటి తింటున్నాడు. చెనిక్కాయల పచ్చడి వాసన వీధిలోకి వస్తోంది. శాలువా తీగ మీద వేలాడుతోంది. మమ్మల్ని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు, చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయన భార్య మాత్రం మా బావ వైపు తిరిగి, "ఎండాకాలంలో కప్పొద్దని చెప్పినాడంట కదప్పా. అయినా కప్పితిరే" అంది.

బావ నోరు తెరిచాడు, మాట రాలేదు. జీవితంలో మొదటిసారి చూశాను ఆ దృశ్యం. పిల్లవాడు ముందుకు పోయి విజిల్ కోచ్ చేతిలో పెట్టాడు.

"సార్, రేపు ప్రాక్టీసుకు ఎన్ని గంటలకు రావాల?" అన్నాడు.

కోచ్ మా వైపు చూశాడు. అప్పుడు బావ గొంతు విప్పాడు. "అప్పా, అది పొమ్మని కప్పిన శాలువా కాదు. గెలిచినామని కప్పినా. కొన్నది మాత్రం పొమ్మనడానికే. అబద్ధమేంటికి చెప్పాల" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, తీగ మీది శాలువా తీసి, "ఇది ఈ పిల్లోనికి కప్పుదాం" అంటూ వాడి వైపు నడిచాడు. నేను అడ్డంగా దూకి చెయ్యి పట్టుకున్నాను. ఆ శాలువాను ఎవరి భుజాల మీద వేస్తే వాళ్ల ఉద్యోగం పోతుంది కదా, వాణ్ణి కూడా పంపిస్తావా అన్నాను. బావ శాలువా పట్టుకుని వరండా మధ్యలో నిలబడిపోయాడు, ఎక్కడ పెట్టాలో తెలియక.

కోచ్ నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం మేమెప్పుడూ వినలేదు. బావ చేతిలోంచి శాలువా తీసుకుని, దులిపి, మడత సరిచేసి, బావ భుజాల మీద కప్పాడు. కోచ్ భార్య లోపలి నుంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చి బావ చేతిలో పెట్టింది, పండ్లబుట్టకు బదులు.

"కర్నూలు గ్రౌండు గట్టు మీద శానా ఏండ్ల నుంచి కొట్టేయ్ అని అరిచిన పెద్దమనిషి ఈయన. వారి సేవలు మరువలేనివి. ఇంక విశ్రాంతి తీసుకోవాలని కోరుకుంటాండాము" అన్నాడు కోచ్.

చప్పట్లతో ఇల్లు దద్దరిల్లింది. ఆ ఎండలో, ఆ శాలువాలో మా బావకు చెమటలు కారుతున్నాయి. అయినా తీయలేదు. పద్ధతి పద్ధతే కదా. "సరేప్పా. గమ్మునుంటా" అన్నాడు. అందరికీ సంగటి పెట్టారు. కోచ్ మాతోపాటే టెంపో ఎక్కాడు.

మాట ఇచ్చినంత సులువు కాదు నిలబెట్టుకోవడం. తర్వాతి మ్యాచ్ మా గ్రౌండులోనే. మా బల్ల జనమంతా గట్టు మీద ఉన్నాం. బావ శాలువాను నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆట మొదలైన కాసేపటికే పిల్లవాడు బంతి ఆపాడు, తల ఎత్తాడు, ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. అవతలివాడు లాక్కుపోయి గోల్ కొట్టేశాడు.

నేను బావ వైపు చూశాను. అందరూ బావ వైపే చూశారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. శాలువాను రెండు చేతులతో గట్టిగా పిసికాడు. నోరు తెరవలేదు. ఆయన తెరవకపోయేసరికి ఇంకెవరూ తెరవలేదు. పిల్లవాడు తల దించుకుని ఒకసారి గట్టు వైపు చూశాడు. కేకలు వస్తాయని చూశాడు, నాకు తెలుసు, ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏ కేకా రాలేదు. వాడు కాసేపు అలాగే నిలబడి, బంతి మధ్యలోకి పోగానే చెయ్యెత్తాడు, నాకు ఇవ్వు అని.

నాకు కళ్లు నిండిపోయాయి. ఎండ అని చెప్పి తుడుచుకున్నాను. బావ చూడనే చూశాడు. ఒళ్లోని శాలువా విప్పి ఒక కొస నా వైపు నెట్టాడు.

"తుడుచుకో బామ్మర్దీ" అన్నాడు. "బంతి వానికే ఇచ్చినారు, చూడు."